ఇల్లు కట్టేటప్పుడు ప్లగ్గు పాయింట్లు, వాష్ ఏరియా ఎక్కడ పెట్టుకోవాలి?

కొత్త ఇంటి ప్లాను చేతికి వచ్చాక ముఖద్వారం, పూజగది, మెట్లు, పడకగదుల కొలతల గురించి ఇంట్లో వారాల తరబడి చర్చ నడుస్తుంది. వాషింగ్ మెషీను ఎక్కడ నిలబడాలి, దాని మురుగునీరు ఎటు పోవాలి, మిక్సీ ప్లగ్గు వంటగట్టుకు ఏ చివర రావాలి అనే సంగతులు మాత్రం చాలా ఇళ్లలో గోడలు లేచిన తర్వాత, ఎలక్ట్రీషియన్ సుద్దముక్క పట్టుకుని "సార్, ఇక్కడ పెట్టేయమంటారా?" అని అడిగిన నిమిషంలో తేలిపోతాయి. అప్పటికి యజమాని మనసంతా టైల్స్ మీద ఉంటుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి రోజూ చేతికీ కాలికీ తగిలే ఇబ్బందులు ఆ నిమిషంలోనే పుడతాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తరచుగా కనిపించే 150 గజాల స్థలంలో, అంటే 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు ఉన్న జాగాలో కట్టుకునే ఒకటి రెండు అంతస్తుల ఇంటిని దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు ఇస్తున్నాను. నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కొంటున్నవారికి కూడా ఇందులో ఎక్కువ భాగం పనికివస్తుంది.

ముందు నీళ్లు, తర్వాత కరెంటు

ఒక పాయింటు ఎక్కడ ఉండాలో ఖాళీ గోడను చూసి తేల్చలేము. అక్కడికి రాబోయే వస్తువును చూసి తేల్చాలి. ఆ వస్తువు నీళ్లతో పనిచేసేదైతే దాని చోటును మురుగు గొట్టం తేలుస్తుంది. కరెంటు తీగను ఎటైనా వంచి తీసుకుపోవచ్చు, నీళ్ల గొట్టాన్ని కూడా కొంత శ్రమపడి మళ్లించవచ్చు. మురుగు గొట్టానికి మాత్రం వాలు కావాలి, ఆ వాలుకు నేలలో లోతు కావాలి. మేడ మీద వాష్ ఏరియా కావాలనుకుంటే స్లాబు పోసే రోజే ఆ భాగాన్ని కిందికి దించి పోయించాలి. లేకపోతే మురుగు గొట్టం కింది గది కప్పుకు వేలాడుతూ కనిపిస్తుంది. కాబట్టి ముందుగా వాషింగ్ మెషీను, సింకు, గీజరు, మంచినీళ్ల ఫిల్టరు వంటి వాటికి చోట్లు ఖాయం చేయాలి. ఆ తర్వాత ఫ్రిజ్, మంచాలు, బీరువాలు, టీవీ, ఏసీ వంటి బరువైన వస్తువులను ప్లానులో పెట్టాలి. ఫోను చార్జరు, ఇస్త్రీ పెట్టె, మిక్సీ వంటి చేతికింద తిరిగే వస్తువుల పాయింట్లు చివర తేలుతాయి.

ప్లాను కాగితం మీద ఈ వస్తువులను అసలు కొలతల ప్రకారం గీయడం కష్టమేమీ కాదు. పెద్ద మంచం 6 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు ఉంటుంది. వాషింగ్ మెషీను సుమారు 60 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల చదరంలో నిలబడుతుంది. ఫ్రిజ్‌కు దాని వెడల్పుతోపాటు గాలి ఆడడానికి పక్కల రెండేసి అంగుళాలైనా కావాలి. గోడలు లేచాక అవే కొలతలను నేల మీద సుద్దతో గీసి, తలుపు రెక్కలు ఎటు తెరుచుకుంటాయో కూడా గీస్తే, స్విచ్చు బోర్డు తలుపు వెనక్కి పోవడం, బీరువా ప్లగ్గును మింగేయడం వంటివి అక్కడికక్కడే బయటపడతాయి. ఈ పనికి ఇంట్లో వంట చేసేవారిని, బట్టల పని చూసేవారిని తప్పనిసరిగా వెంట తీసుకువెళ్లాలి. వాళ్ల ఎత్తు, వాళ్ల చేతివాటం మేస్త్రీకి తెలియవు.

గడువుల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. స్లాబు సెంట్రింగు మీద ఇనుము కట్టే సమయానికి ఫ్యాన్ల చోట్లు, కప్పులోంచి వెళ్లే పైపులు తేలిపోవాలి. గోడల్లో గాడులు కొట్టించి పైపులు వేయించే పని ప్లాస్టరింగుకు ముందే ముగియాలి. నాలుగున్నర అంగుళాల గోడకు రెండు వైపులా ఎదురెదురుగా బోర్డులు పెట్టిస్తే మధ్యలో ఇటుక దాదాపు మిగలదు. అలాంటి గోడల్లో ఒక వైపు బోర్డును కనీసం ఒక అడుగు పక్కకు జరపమని ముందే చెప్పాలి.

బట్టలు ఉతికే చోటు

మన ఇళ్లలో వాషింగ్ మెషీనుకు నాలుగు చోట్లు సాధారణంగా పరిశీలనకు వస్తాయి: వంటింటి వెనుక వాష్ ఏరియా, బాత్‌రూము, మెట్ల కింద జాగా, మేడ మీద డాబా. వీటిలో మొదటిదే మేలని నా అభిప్రాయం. అక్కడ నీళ్లు, మురుగు ఎలాగూ ఉంటాయి, వంట పని చేసుకుంటూనే మెషీనును గమనించుకోవచ్చు. అయితే ఇంటి వెనుక సెట్‌బ్యాక్‌గా వదలాల్సిన ఖాళీలో రేకు కప్పి దాన్నే వాష్ ఏరియాగా చేసుకునే అలవాటు మంచిది కాదు. అనుమతి సంగతి అటుంచితే, మూడు నాలుగడుగుల సందులో మెషీను నిలబడితే మనిషి నడవడానికి దారి ఉండదు, జల్లు నేరుగా మెషీను మీద పడుతుంది. ప్లానులోనే వంటింటికి ఆనుకుని పైన స్లాబు ఉన్న జాగాను దీనికి కేటాయించుకోవాలి.

బాత్‌రూములో మెషీను పెట్టడాన్ని నేను సమర్థించను. ఆవిరికి లోపలి బోర్డు, కింది రేకు త్వరగా పాడవుతాయి; తడి కాళ్లతో నిలబడి ప్లగ్గు ముట్టుకునే పరిస్థితి వస్తుంది. ఫ్లాటులో మరో దారి లేకపోతే షవరుకు వీలైనంత దూరంగా, మధ్యలో అద్దం అడ్డు ఉండేలా చూసుకుని, మూత ఉన్న సాకెట్టు పెట్టించి, ఆ లైనుకు, కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపే ఆర్‌సీసీబీ రక్షణ తప్పకుండా ఇవ్వాలి. మెట్ల కింద జాగాలో ముందు నుంచి బట్టలు వేసే మెషీను 85 సెంటీమీటర్ల ఎత్తే కాబట్టి పడుతుంది. పైనుంచి వేసే మెషీనుకు మూత తెరిచినప్పుడు నాలుగున్నర అడుగుల పైన ఖాళీ కావాలి కనుక ముందే కొలుచుకోవాలి.

డాబా మీద పెడితే ఎండ దగ్గర, దండెం దగ్గర అని చాలామంది మొగ్గు చూపుతారు. అక్కడ అసలు చిక్కు నీటి ఒత్తిడితో వస్తుంది. మెషీనుతో వచ్చే పుస్తకంలో నీటి ఒత్తిడి కనీసం ఎంత ఉండాలో రాసి ఉంటుంది. తయారీని బట్టి అది 0.3 బార్ నుంచి 1 బార్ వరకు మారుతుంది. పది మీటర్ల ఎత్తున ఉన్న నీరు సుమారు 1 బార్ ఒత్తిడిని ఇస్తుంది. ఇప్పుడు మొదటి అంతస్తులో నేలకు మూడున్నర అడుగుల ఎత్తున మెషీను కుళాయి ఉందనుకుందాం. గది ఎత్తు 10 అడుగులు, స్లాబు మందం అర అడుగు లెక్కన కుళాయి నుంచి డాబా నేల వరకు 7 అడుగులు. వాటర్ ట్యాంకు నేరుగా డాబా మీదే కూర్చుంటే, నీళ్లు అడుగంటే వేళకు ఒత్తిడి 0.2 బార్‌కు పడిపోతుంది, మెషీను నింపుకోవడానికి ఎంతో సేపు తీసుకుని చివరకు లోపం చూపించి ఆగిపోతుంది. అదే ట్యాంకును నాలుగడుగుల దిమ్మె మీద ఎక్కిస్తే ఒత్తిడి 0.33 బార్‌కు చేరుతుంది. ఇక మెషీను డాబా మీదే ఉంటే ట్యాంకు అడుగుకూ కుళాయికీ మధ్య అర అడుగు తేడా కూడా దక్కడం కష్టం; ప్రెషర్ పంపు లేకుండా అది పనిచేయదు. అందువల్ల మెషీను కొనేముందు పుస్తకంలోని ఆ ఒక్క అంకె చూడడం, ట్యాంకు దిమ్మె ఎత్తును దానికి తగ్గట్టు తేల్చుకోవడం, లేదా పంపుకు చోటు, ఒక పాయింటు వదిలిపెట్టుకోవడం అవసరం.

జాగా కొలతలు ఇలా లెక్క వేసుకోవాలి. మెషీను వెడల్పు రెండడుగులు, పక్కల ఖాళీలు కలిపి రెండడుగుల నాలుగు అంగుళాలు. లోతు రెండడుగులకు వెనుక గొట్టాల కోసం నాలుగు నుంచి ఆరు అంగుళాలు చేర్చాలి. ముందు తలుపు తెరిచి, బుట్ట కింద పెట్టి, మనిషి వంగి బట్టలు తీయడానికి మరో మూడడుగులు కావాలి. అంటే మెషీను ముఖం చూసే దిశలో కనీసం ఐదున్నర అడుగులు ఉండాలి. వాష్ ఏరియా వెడల్పు నాలుగడుగులే అయితే మెషీను ఆ వెడల్పుకు అడ్డంగా కాకుండా పొడవు దిశకు తిరిగి నిలబడాలి. ఆ జాగాలోకి వెళ్లే తలుపు రెండున్నర అడుగులకు తగ్గకూడదు. తగ్గితే మెషీను లోపలికి పోయే రోజున తలుపు ఊడదీయాల్సి వస్తుంది.

ఇప్పుడు ఆ మూలను కొంచెం దగ్గరగా చూద్దాం. మెషీను నీళ్ల కుళాయి నేలకు మూడున్నర అడుగుల ఎత్తున, మెషీను వెనుక కాకుండా పక్కగా రావాలి. ఊరికి వెళ్లేటప్పుడు చేయి పెట్టి కట్టేయడానికి అందాలి. అది గొట్టం బిగించుకోవడానికి ముప్పావు అంగుళం మరలు ఉన్న కుళాయి అయి ఉండాలి, అంట్ల కుళాయికి దీనికి సంబంధం ఉండకూడదు. మురుగుకు రెండు ఏర్పాట్లూ చేయించుకోవడం మంచిది. ముందు నుంచి బట్టలు వేసే మెషీను పంపుతో నీళ్లు బయటికి తోస్తుంది. దాని గొట్టం చివర నేలకు సుమారు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తున గోడలోని పైపులోకి పోవాలి. ఆ గొట్టాన్ని నేల మీద పడేస్తే లోపల నిండుతున్న నీరు నిండుతున్నట్టే కారిపోతుంది, మెషీను ఎంతకీ ఉతకడం మొదలుపెట్టదు. సెమీ ఆటోమేటిక్ మెషీన్లలో, పైనుంచి వేసే కొన్ని మెషీన్లలో పంపు ఉండదు; వాటి నీరు వాలుతో మాత్రమే పోతుంది కనుక వాటికి నేల మట్టంలో జాలీ కావాలి. గోడలో రెండున్నర అడుగుల ఎత్తున నోరున్న, నీళ్లు నిలిచే వంపు ఉన్న పైపు ఒకటి, పక్కనే నేలలో జాలీ మూత ఉన్న నహానీ ట్రాప్ ఒకటి ఉంటే రేపు ఏ రకం మెషీను కొన్నా ఇబ్బంది రాదు.

సాకెట్టు నాలుగున్నర అడుగుల ఎత్తున, కుళాయి ఉన్న వైపుకు ఎదుటి వైపున ఉండాలి. కుళాయికి సరిగ్గా కింద సాకెట్టు పెట్టే పద్ధతి చాలా ఇళ్లలో కనిపిస్తుంది. వాషరు అరిగిన రోజున చుక్కలు నేరుగా ప్లగ్గులో పడతాయి. నీళ్లు వేడిచేసే మెషీనులో హీటరు ఒక్కటే 2000 వాట్ల వరకు తీసుకుంటుంది కాబట్టి దీనికి 16 ఆంపియర్ల పాయింటు, విడి లైను, విడి ఎంసీబీ (లోడు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్చు) ఇవ్వాలి. గీజరు లైనులోంచి పాయింటు లాగడానికి ఒప్పుకోకూడదు. మెషీను రేకును తాకినప్పుడు చేయి జివ్వుమంటే ఎర్తింగు లేదని, లేదా ఎక్కడో తెగిందని అర్థం. అది సరిచేయించే వరకు మెషీను వాడకూడదు.

వాష్ ఏరియా నేల వంటింటి నేలకంటే ఒకటిన్నర అంగుళం కిందికి ఉండాలి, జాలీ వైపు అడుగుకు ఎనిమిదో వంతు అంగుళం చొప్పున వాలు ఉండాలి, టైల్స్ గరుకుగా ఉండాలి. పై అంతస్తులో అయితే టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ చేయించి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింది గది కప్పు చూసుకున్నాకే టైల్స్ వేయనివ్వాలి. రెండు అంతస్తుల్లోనూ మెషీన్లు ఉండి, రెండింటి నీరూ ఒకే నిలువు గొట్టంలో కలిస్తే, పైవాళ్లు బట్టలు ఉతికినప్పుడు సబ్బు నురుగు కింది అంతస్తు జాలీలోంచి పైకి పొంగే అవకాశం ఉంది. కింది అంతస్తు మురుగును నేరుగా బయటి ఛాంబరులోకి విడిగా కలిపిస్తే ఈ బాధ తప్పుతుంది.

బోరు నీళ్ల ఊళ్లలో మరో సంగతి చూడాలి. నీళ్లలో సున్నపు శాతం ఎక్కువైతే హీటరు మీద తెల్లటి పొర పేరుకుంటుంది, సబ్బు నురగదు, తెల్ల బట్టలు మాసినట్టు కనిపిస్తాయి. హైదరాబాద్‌లో చాలా ఇళ్లకు కృష్ణా, గోదావరి, మంజీర నీళ్లు మున్సిపల్ కుళాయిలో వస్తాయి, దాంతోపాటు బోరు కూడా ఉంటుంది. డాబా మీద రెండు ట్యాంకులు పెట్టుకునేవారు మెషీనుకూ గీజర్లకూ మున్సిపల్ నీళ్ల ట్యాంకు నుంచి పైపు వేయించుకోవాలి. ఇది పైపులు గోడలో పూడ్చకముందు చేయించుకుంటే తక్కువ ఖర్చులో అయ్యే పని.

వాస్తు పాటించేవారు వంటగది ఆగ్నేయంలోనూ, ఉతుకుడు జాగా వాయవ్యంలోనూ కోరుకోవడం మామూలే. రెండూ ఇంటికి ఎదురు మూలలు కాబట్టి మధ్యలో గొట్టాల పొడవు, మనిషి నడక రెండూ పెరుగుతాయి. వాస్తు చెప్పేవారిని ప్లాను దశలోనే, మెషీను, సింకు, ట్యాంకు గుర్తించిన కాగితంతో కలవడం మంచిది. గొట్టాలు పూడ్చిన తర్వాత ఆయన వచ్చి మూల మారమంటే ఆ బరువంతా ప్లంబరు మీద, మన జేబు మీద పడుతుంది.

ఉతకడంతో పని అయిపోదు, ఆరేయాలి. వాష్ ఏరియా నుంచి దండెం వరకు తడి బట్టల బుట్ట మోసే దారిలో మెట్లు ఎన్ని ఉన్నాయో చూసుకోవాలి. పెద్దవయసువారు ఉన్న ఇంట్లో డాబా దండెం ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. వానాకాలం కోసం వాష్ ఏరియా కప్పులో నాలుగు కొక్కేలు పెట్టించుకుంటే కిందికి దించి పైకి లాగే ఆరవేత కడ్డీలు బిగించుకోవచ్చు. అక్కడే ఒక ఫ్యాను పాయింటు ఇస్తే ముసురు పట్టిన రోజుల్లో బట్టలు వాసన రాకుండా ఆరతాయి. ఈ పాయింటు అడిగేవారు చాలా తక్కువ. జీన్సు ప్యాంట్లు, కాళ్లు తుడుచుకునే పట్టాలు చేత్తోనే ఉతికే ఇళ్లలో ఉతికే బండ కూడా కావాలి. దాన్ని మెషీనుకు చిందులు పడనంత దూరంలో, విడి కుళాయితో కట్టించుకోవాలి. మెషీను మీద నేరుగా ఎండ, జల్లు పడకుండా మూడడుగుల సన్‌షేడ్ అవసరం. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలికి రేకు త్వరగా తుప్పు పడుతుంది కనుక అక్కడ ఒక వైపు కిటికీ రెక్కలైనా బిగించుకోవాలి. ఎలుకల సంగతి మరచిపోవద్దు: మెషీను అడుగున దూరి తీగలు, గొట్టాలు కొరికేస్తాయి. జాలీలకు ఇనుప మూతలు, వాష్ ఏరియా గ్రిల్లుకు సన్నని వల, తలుపు కింద సందుకు పట్టీ వేయించుకుంటే అవి చొరబడే దారులు చాలావరకు మూసుకుపోతాయి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లివచ్చిన తల్లిదండ్రులు కొందరు పై అంతస్తులో పడకగదుల పక్కన చిన్న లాండ్రీ గది కావాలని అడుగుతున్నారు. మాసిన బట్టలు పుట్టేది పడకగదుల్లోనే కాబట్టి ఆ ఆలోచనలో అర్థముంది. రెండంతస్తుల ఇంట్లో పై బాత్‌రూముకు ఆనుకున్న బాల్కనీని దానికి వాడుకోవచ్చు. అయితే అక్కడి ఇళ్లలో పక్కనే డ్రయ్యరు ఉంటుంది, దాని వేడిగాలిని బయటికి పంపే గొట్టం గోడలో ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ కాసే మన ప్రాంతంలో డ్రయ్యరు కోసం జాగా వదలడం కన్నా ఆ జాగాలో ఒక బల్ల వేసి బట్టలు మడతపెట్టుకోవడం మేలు. బాల్కనీ ముందుకు పొడుచుకువచ్చిన స్లాబు అయితే మెషీనును చివరన పెట్టకూడదు. నిమిషానికి 1200 చుట్లు తిరిగేటప్పుడు ఆ అదురు అంతా స్లాబుకు చేరుతుంది. ఇంటి గోడను ఆనించి, పడకగది తలగడ వైపు గోడకు దూరంగా పెట్టాలి.

వంటిల్లు

వంటింట్లో పాయింట్లు చాలకపోవడం కన్నా ఉన్నవన్నీ ఒకే లైను మీద ఉండడం ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. 16 ఆంపియర్ల లైను 230 వోల్టుల దగ్గర 3680 వాట్లు మోయగలదు. ఇండక్షన్ పొయ్యి 2000, నీళ్లు కాచే కెటిల్ 1500, మైక్రోవేవ్ 1200, మిక్సీ 750 వాట్లు. పొద్దున్న హడావుడిలో అన్నీ కలిస్తే 5450 వాట్లు, అంటే దాదాపు 24 ఆంపియర్లు. తీగలు వేడెక్కుతాయి, ఎంసీబీ పడిపోతుంది. వంటగట్టుకు రెండు విడి లైన్లు ఇప్పించి, పొయ్యికి ఒక పక్కన ఉన్న పాయింట్లను ఒక లైనుకు, రెండో పక్కన ఉన్నవాటిని మరో లైనుకు కలిపించాలి.

గట్టు సాధారణంగా 32 నుంచి 34 అంగుళాల ఎత్తు ఉంటుంది. సాకెట్లు దానికి పైన ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల ఎత్తున వస్తే మిక్సీ తీగ చుట్టలు పడదు. సింకుకు, పొయ్యికి రెండింటికీ కనీసం రెండడుగుల దూరం పాటించాలి. పోపు చిటపటలు పడే చోట ప్లగ్గు జిడ్డుపట్టిపోతుంది. రుబ్బడానికి వాడే గ్రైండరు బరువైనది, దాన్ని ఎత్తి దించడం నడుముకు మంచిది కాదు. గట్టు చివరలో దానికి స్థిరమైన చోటు ఇచ్చి, పక్కనే ఒక పాయింటు, పిండి గిన్నె కడగడానికి దగ్గరలో కుళాయి ఉండేలా చూస్తే రోజూ వాడతారు. అటక మీదికి ఎక్కిన గ్రైండరు మళ్లీ కిందికి దిగదు. నీళ్ల ఫిల్టరుకు, చిమ్నీకి, ఎగ్జాస్టు ఫ్యానుకు పాయింట్లు ఎలాగూ గుర్తుంటాయి కనుక వాటి గురించి ఎక్కువ చెప్పను.

గ్యాసు గురించి మాత్రం చెప్పాలి. సిలిండరులో వచ్చే వంటగ్యాసు గాలికన్నా బరువైనది. లీకైతే నేల మీద పేరుకుంటుంది. సిలిండరు ఉండే అరలోగాని, దాని పక్కన నేలకు దగ్గరగాగాని సాకెట్టు, స్విచ్చు పెట్టించకూడదు. ఫ్రిజ్ పాయింటును కూడా కింద కాకుండా నాలుగడుగుల ఎత్తున పెట్టించుకుంటే ఈ భయం తగ్గుతుంది, ప్లగ్గు తీయడానికి ఫ్రిజ్ జరపాల్సిన పనీ ఉండదు.

మిగతా గదులు

పడకగదిలో పాయింట్లు మంచానికి రెండు వైపులా, నేలకు రెండు నుంచి రెండున్నర అడుగుల ఎత్తున రావాలి. ఆరడుగుల మంచానికి పక్కన ఒకటిన్నర అడుగుల చిన్న బల్ల వేసుకుంటే, మంచం మధ్యగీత నుంచి మూడు ముప్పావు అడుగుల దూరంలో బోర్డు సరిగ్గా ఆ బల్ల మీదికి వస్తుంది. దానికన్నా దగ్గరగా పెడితే తలవైపు చెక్క వెనక దాక్కుంటుంది. ఫ్యానుకు, లైటుకు తలుపు దగ్గర ఒకటి, మంచం దగ్గర ఒకటి చొప్పున టూవే స్విచ్చులు పెద్దవారున్న గదిలో తప్పక ఉండాలి. వారి గదిలో నేలకు అడుగు ఎత్తున సాకెట్లు వద్దు, వంగలేరు. మంచం నుంచి బాత్‌రూము వరకు ఉన్న దారిలో ఒక చిన్న రాత్రిదీపం పాయింటు పెట్టించాలి. ఇస్త్రీ చేసే చోటు కిటికీ వెలుతురులో, కుడిచేతి వాటం వారికి కుడివైపున, నడుము ఎత్తులో 16 ఆంపియర్ల పాయింటుతో ఉంటే తీగ బట్టల మీద పాకదు.

అమెరికా విద్యుత్ నియమావళిలో ఒక సూత్రం ఉంది: గదిలో గోడ పొడవునా ఏ చోటు నుంచి చూసినా ఆరడుగుల లోపు ఒక సాకెట్టు ఉండాలి. మన ఎలక్ట్రీషియన్లు తలుపు పక్క బోర్డులోనే రెండు ప్లగ్గులు ఇచ్చి ముగించే అలవాటుకు ఇది మంచి విరుగుడు. అన్ని గోడలకూ అక్కరలేదు గాని, హాలులోనూ పిల్లలు చదువుకునే గదిలోనూ ఈ కొలతతో ఒకసారి తిరిగి చూస్తే ఎక్స్‌టెన్షన్ బాక్సు అవసరం ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది.

టీవీ గోడకు నాలుగైదు సాకెట్లు, ఇంటర్నెట్ తీగ బయటి నుంచి లోపలికి రావడానికి ఒక ఖాళీ పైపు, దాని పెట్టెకు ఇన్వర్టరు లైను మీద ఒక పాయింటు ఉండాలి. పండుగల కోసం కూడా ఆలోచించాలి: బొమ్మల కొలువు పెట్టే గోడకు ఒక పాయింటు, దీపావళికో క్రిస్మస్‌కో సీరియల్ లైట్లు వేలాడదీసే ముందు సన్‌షేడ్ కింద మూత ఉన్న ఒక సాకెట్టు, దాని స్విచ్చు ఇంటి లోపల. పూజగదిలో ప్రమిద వెలిగే చోటుకు సరిగ్గా పైన బోర్డు రాకూడదు. గీజరు పాయింటు ఆరున్నర నుంచి ఏడడుగుల ఎత్తున, షవరు జల్లు తగలని గోడకు ఇవ్వాలి, స్విచ్చు బాత్‌రూము బయట ఎర్ర దీపంతో ఉండాలి. కారు నిలిపే చోట ఇప్పుడు విద్యుత్ బండి లేకపోయినా, మీటరు దగ్గర నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో ఒక 16 ఆంపియర్ల పాయింటు వేయించి ఉంచాలి.

బోర్డు వెనుక కనిపించనివి

తీగల మందం విషయంలో బేరం ఆడకూడదు. లైట్లకు, ఫ్యాన్లకు 1.5, 16 ఆంపియర్ల సాకెట్లకు 2.5, ఏసీలకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఇళ్లలో వాడుక. తీగ మీద భారత ప్రమాణాల గుర్తు ఐఎస్ 694, సాకెట్టు మీద ఐఎస్ 1293 గుర్తులు ఉన్నాయో లేదో సరుకు దిగిన రోజే చూసుకోవాలి. ప్రాణరక్షణకు పనికివచ్చే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్లది. బాత్‌రూములు, వాష్ ఏరియా కలిపి ఒక ఆర్‌సీసీబీ, మిగతా ఇంటికి మరొకటి పెట్టిస్తే గీజరులో చిన్న లీకేజీ వచ్చినప్పుడు ఇల్లంతా చీకటి కాదు. ఆర్‌సీసీబీ పడిపోతున్నదని దాన్ని తప్పించి నేరుగా కలిపే ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ పిలవకండి.

ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడడానికి తరచుగా కనిపించే కారణం, ఇన్వర్టరు లైనులో కరెంటు తిరిగి వచ్చే తీగ అయిన న్యూట్రల్‌ను మామూలు లైను న్యూట్రల్‌తో ఎక్కడో ఒక బోర్డులో కలిపేయడం. ఆర్‌సీసీబీ వెళ్లే కరెంటునూ తిరిగి వచ్చే కరెంటునూ పోల్చి చూస్తుంది. తిరుగు కరెంటు వేరే దారి పడితే లీకేజీ అనుకుంటుంది. ఇన్వర్టరు మీద నడిచే పాయింట్లకు న్యూట్రల్ కూడా మొదటి నుంచి విడిగా లాగమని వైరింగు రోజే చెప్పాలి. బ్యాటరీ యాభై అరవై కిలోల బరువుంటుంది, దానిలో నీళ్లు పోయాలి, గాలి ఆడాలి. మెట్ల కింద మూసిన అర కంటే వాష్ ఏరియాకు దగ్గరలో పొడిగా ఉండే మూల నయం. మెయిన్ డీబీ (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) తలుపు వెనుకో, చెప్పుల స్టాండు వెనుకో కాకుండా, చీకట్లో కూడా చేయి చాచితే అందే చోట, సుమారు ఐదడుగుల ఎత్తున ఉండాలి.

ఫ్లాటు కొంటున్నవారు ఇటుక పని మొదలుకాకముందే బిల్డరు దగ్గర ఎలక్ట్రికల్ డ్రాయింగు, ప్లంబింగు డ్రాయింగు అడిగి తీసుకోవాలి. మురుగు గొట్టం చోటు మార్చడానికి అక్కడ ఎవరూ ఒప్పుకోరు. పాయింట్లు పెంచడం, ఎత్తులు మార్చడం మాత్రం ఆ దశలో కొద్దిపాటి అదనపు ఖర్చుతో అవుతుంది. ఒప్పుకున్న మార్పులను డ్రాయింగు మీదే రాయించి సంతకం పెట్టించుకోవాలి.

ప్లాస్టరింగుకు ముందు ప్రతి గోడకూ, నేలకూ టేపు పట్టి ఉంచి ఫొటోలు తీసి గది పేరుతో దాచుకోవాలి. రేపు గోడకు మేకు కొట్టేటప్పుడు ఏ పైపు ఎక్కడుందో అవే చెబుతాయి. ఇల్లు అప్పగించే రోజున వాష్ ఏరియాలో నాలుగు బకెట్ల నీళ్లు ఒకేసారి కుమ్మరించి, నీరు వంటింటి వైపు రాకుండా జాలీలోకే పోతోందో లేదో చూడండి. గోడలోని మురుగు పైపులోకి గొట్టంతో ఐదు నిమిషాలు నీళ్లు వదిలి, పైకి తన్నుతోందేమో గమనించండి. ప్రతి సాకెట్టులో ఎర్తింగుతో సహా పరీక్షించే చిన్న టెస్టరు పెట్టి చూసి, ఆర్‌సీసీబీ మీద ఉన్న పరీక్ష బొత్తాం నొక్కి అది పడుతుందో లేదో చూసి, డీబీలో ఒక్కొక్క ఎంసీబీ దించుతూ ఏ గది ఆరిపోతోందో దాని కిందే తెలుగులో రాసి అంటించిన తర్వాతే ఎలక్ట్రీషియన్‌కు చివరి విడత డబ్బు ఇవ్వండి.